ఏ బెల్టు తెగింది?

2022 వేసవి. మాచర్ల స్టేషన్ రోడ్డులో ఉన్న మా షెడ్డుకు నాగమణి తన పాత డీజిల్ కారును ఆయిల్ మార్పించడానికి తెచ్చింది. సాగర్ డ్యామ్ చూడవచ్చేవాళ్లను తిప్పే టాక్సీ అది. నడిపేదీ ఆమే, ఆ ఇంటికి ఆధారమూ అదే. మర్నాడు ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కాలి.

బానెట్ ఎత్తితే ఇంజిన్ పక్కనున్న ప్లాస్టిక్ కవర్ అడుగున, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తడి కనిపించింది. ఆ కవర్ వెనకే టైమింగ్ బెల్టు ఉంటుంది. వాల్వులూ పిస్టన్లూ ఒకదానికొకటి తగలకుండా నడిపే పళ్ల బెల్టు. నడుస్తుండగా అది తెగితే లోపల అన్నీ గుద్దుకుని ఇంజిన్ పాడైపోతుంది.

"బెల్టు ఎప్పుడు మార్చావమ్మా?" అన్నాను.

"మొన్న చలికాలంలోనే మార్పిచ్చా మస్తానన్నా. కొత్తదే."

సరే అని వదిలేసేవాణ్ణే. కానీ నా నోరు ఊరుకోదు.

"ఎందుకు మార్చాల్సొచ్చింది?"

"చిలకలూరిపేట నుంచి వస్తంటే తెగింది. బ్యాటరీ లైటు ఎలిగింది. మెల్లగా నరసరావుపేట దాకా తోలుకొచ్చి ఏపిచ్చా."

"తెగినాక కూడా బండి నడిచిందా?"

"నడవకేం."

టైమింగ్ బెల్టు తెగిన బండి నడవడమన్నది ఉండదు. ఆమె మార్పించింది బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్‌ను తిప్పే బయటి బెల్టు. మా వైపు రెంటినీ ఉత్త 'బెల్టు' అనే అంటాం. ఆ మాట చెప్పి, లోపలి బెల్టు విప్పి చూడాలన్నాను.

"ఏందన్నా, ఆయిల్ మార్చమంటే ఇంజిన్ ఇప్పుతానంటావు?"

"కవర్ తీసి చూపిస్తా. బాగుంటే నేనే మూసి పంపిస్తా."

కవర్ తీశాక ఆమే వంగి చూసింది. పళ్ల మొదట్లో చీలికలు, అంచున దారాలు. బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌ను తిప్పితే గరగరమంది. అదే బెల్టుతో తిరిగే వాటర్ పంపు కారుతోంది.

"బెల్టొకటే ఏసి పంపియ్యన్నా. మిగతాయి వచ్చినాక చూద్దాం."

నాకు ఒళ్లు మండింది. "కొత్త చీర కట్టుకుని బురదలో కూర్చుంటావా? ఈ పంపు కొత్త బెల్టును కూడా తినేస్తది."

ఆమె బయటికెళ్లి స్టాండ్‌లో ఉండే ఇంకో డ్రైవర్‌కు ఫోన్ చేసింది. "రేపు నా బండి రాదు బాబాయ్. ఆ కిరాయికి నువ్వు పో." సీజన్‌లో కిరాయి వదులుకోవడమంటే చిన్న సంగతి కాదు. ఆమె మీద నాకు గౌరవం పెరిగింది.

గుంటూరు నుంచి సామాను రాగానే పని పట్టాను. ఈ పనంటే నాకు ఇప్పటికీ పెద్ద హుషారు. బెల్టు తిరిగే పళ్లచక్రాల్లో పైచక్రం గుర్తు, కింది చక్రం గుర్తు వాటి వాటి స్థానాల్లో నిలబెట్టి బెల్టు ఎక్కించాలి. ఒక్క పన్ను అటూఇటూ అయినా లెక్క తప్పుతుంది. ఎక్కించి, ఇంజిన్‌ను చేత్తో రెండు నిండు చుట్లు తిప్పి చూస్తే గుర్తులు మళ్లీ అక్కడికే వచ్చి నిలబడ్డాయి. ఆనందం పట్టలేక ఈల వేశాను.

"నువ్వే స్టార్ట్ చెయ్యన్నా, నాకు భయంగుంది."

"నీ బండి, నువ్వే చెయ్."

ఇంజిన్ మెత్తగా అందుకుంది. నాగమణి ఆపకుండా చానాసేపు వింటూ కూర్చుంది. తర్వాత దిగి పాత బెల్టు తీసుకుని వెనక్కి వంచింది. ఒక పన్ను ఊడి ఆమె అరచేతిలో పడింది.

"ఇది ఘాట్‌లో ఊడేదా అన్నా?"

"ఎక్కడైనా ఊడేదమ్మా."

ఆమె అబద్ధం చెప్పలేదు, బెల్టు మార్పించిన మాట నిజమే. అందుకే ఇప్పుడు ఎవరైనా "మార్పిచ్చా" అంటే ఏం మార్చారని అడిగి ఊరుకోను. అది చెడిన రోజు బండి ఆగిందా, నడిచిందా, ఇంటికెట్లా చేరిందో మొత్తం చెప్పించుకుంటాను.