తోలేవాళ్ళకి కడుపులో తిప్పదు

ఘాట్ రోడ్డంటే నాకు ప్రాణం మీదికొచ్చేది. మా కాపురం అరకులో, నేను పాఠాలు చెప్పే బడి అనంతగిరి దగ్గర, మధ్యలో గాలికొండ. సుంకరిమెట్ట దాటి వంపులు మొదలవగానే కడుపులో దేవేది. రైలుంది కానీ అది బడి వేళకి రాదు. ఉన్నవి జీపులే. పదిమంది పట్టే దాంట్లో ఇరవై మంది, కాళ్ళ కింద కోళ్ళు, అన్నిటికీ మించి డీజిలు వాసన. రోజూ ఒకే మలుపులో జీపు ఆపించి, దిగి, వాంతి చేసుకుని మళ్ళీ ఎక్కేదాన్ని. బడికి చేరాక మొదటి గంటంతా బల్లమీద తల వాల్చేసేదాన్ని. పాపం పిల్లలే గోల చెయ్యకుండా ఎక్కాలు చదువుకునేవారు. వాళ్ళ ముఖాలు చూస్తే సిగ్గేసేది.

"ఈ ఏడుతో ఉద్యోగం మానేస్తాను" అని ఒకరోజు మా ఆయనతో చెప్పేశాను. చెప్పి, వంటింట్లోకి పోయి ఏడ్చాను. రాత్రీ పగలూ చదివి తెచ్చుకున్న ఉద్యోగం మరి. 

మా ఆయన కాఫీ తోటల ఆఫీసులో గుమాస్తా. ఏ విషయమైనా వారం ఆలోచిస్తే గానీ నోరు విప్పరు. వారం అయ్యాక అన్నారు, "నీకు పడనిది డీజిలు వాసన. పెట్రోలు కారు కొందాం. పొద్దున్న నేనే దింపుతాను, సాయంత్రం నేనే తెస్తాను."

"మనకి కారేటండీ!" అన్నాను.

విశాఖలో ఒక బ్యాంకు ఆఫీసరుగారికి వేరే రాష్ట్రం బదిలీ అయిందని తెలిసి వెళ్ళాం. చిన్న కారు, వెనక తలుపు పైకి లేచే రకం. ఆరు నెలలు కూడా వాడలేదట, సీట్లకి ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. మా ఆయన బానెట్టు ఎత్తించి, ఏమీ అర్థం కాకపోయినా గంభీరంగా తల ఊపారు. తర్వాత ఇంజను స్టార్టు చేయించి, వెనక్కి వెళ్ళి, పొగగొట్టం దగ్గర వంగి వాసన చూశారు. ఆఫీసరుగారికి నవ్వాగలేదు. ఈయన సిగ్గుపడితేనా! "నువ్వు కూడా సూడు" అని నన్ను పిలిచారు. ఎంత విసుక్కున్నా, ఆ మనిషి నా కోసం అలా వంగడం చూసి నా మనసు కరిగింది. నేనూ వంగి చూశాను. డీజిలు వాసన లేదు. అక్కడికక్కడే ఖాయం చేసుకున్నాం.

సోమవారం బడికి బయల్దేరాం. కొత్తదనం పోతుందని ఆయన సీటు కవర్లు తియ్యనివ్వలేదు. నిమిషానికోసారి నా ముఖంలోకి చూస్తుంటే, "నన్ను కాదు, రోడ్డు చూడండి" అని కసిరాను. మూడో మలుపులో భళ్ళున కక్కేశాను, సీటు మీదే. కారు ఆపి, దిగి వచ్చి, నీళ్ళు పోసి తుడవడం మొదలుపెట్టారు.

"ఎవరు కొనమన్నారు మిమ్మల్ని? నా ఖర్మకి కారొకటి!" అని నోరు పారేసుకున్నాను.

"పర్లేదులే, కవరుంది కదా" అన్నారాయన, తల ఎత్తకుండానే.

అంతలో నేను రోజూ ఎక్కే జీపు వెనకే వచ్చి ఆగింది. ఆ డ్రైవరు కొండమనిషి, రోజూ నాకోసం కిటికీ పక్క చోటు ఉంచేవాడు. "కారు కొన్నా ఇదేనేటి, టీచరమ్మా?" అన్నాడు.

"ఏం చెయ్యమంటావు?"

"నాను కిలీనరుగా ఉన్నప్పుడు ఈ మలుపుల్లోనే కక్కీవోడిని. ఇస్టీరింగు పట్టినకాడి నుంచీ ఒక్కసారీ లేదు. తోలీవోళ్ళకి తిప్పదమ్మా. బాబుగారిని ఇటేపు కూకోమనండి" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

వాడు వేళాకోళానికి అన్నాడనుకున్నాను. వారం ఆలోచించే మనిషి ఆ సాయంత్రమే తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ కారు తోలడమంటే ఆయనకెంత ముచ్చటో నాకు తెలుసు.

వేసవి సెలవులంతా, సంత లేని రోజుల్లో సంత మైదానంలో నేర్చుకున్నాను. నేర్పేది ఆయన, అరిచేది నేను. లైసెన్సు కూడా చేతికొచ్చింది. బడి తెరిచిన రోజు ఘాట్ రోడ్డులో నేనే తోలాను. పక్కన కూర్చుని ఆయన లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. గాలికొండ మీద మంచు. ప్రతి వంపుకీ హారను కొడుతూ, మలుపు మీదే ధ్యాస పెట్టి దిగాను. రోజూ ఆగే చోటు దాటిపోయిన సంగతి బడి రేకులు కనబడ్డాక గానీ తెలియలేదు.

అప్పుడు తట్టింది. కారు ఇక్కడుంటే ఆయన ఆఫీసుకి ఎలా వెళ్తారు?

"మీరు తీసుకెళ్ళండి, సాయంత్రం వద్దురు గాని" అన్నాను.

"వద్దు. ఇవాళ ఒక్కదానివీ రాకపోతే రేపూ నేనే కావాలంటావు. మళ్ళీ మానేస్తానంటావు" అని, అరకు పోయే జీపుకి చెయ్యి ఎత్తారు. లోపల చోటు లేదు. ఇస్త్రీ చొక్కాతో వెనక మెట్టు మీద నిలబడి, పైనున్న కమ్మీ పట్టుకున్నారు. తన కారు నాకిచ్చి అలా వేలాడుతూ వెళ్తున్న మనిషిని చూస్తే దుఃఖం ఆగలేదు. జీపు కదిలాక గట్టిగా కేకేశారు.

"బేగి వచ్చియ్యాలని తొందరపడకు! సెకండు గేరులోనే రా. ఎంతసేపైనా గుమ్మంలోనే ఉంటాను!"