బస్సుల పేజీ మొదలుపెట్టిన టీచరమ్మ

పోయిన మంగళవారం పొద్దున, రోజూలాగే రైలు సంగతి కనుక్కుని ఈ వెబ్ పేజీలో రాద్దామని కూర్చున్నాను. ఫోన్ మోగింది. విజయనగరం నుంచి సార్, మా టీచరమ్మ భర్త. "అమ్మాయ్, మీ టీచరు వెళ్లిపోయిందమ్మా. లేచి కాఫీ అడిగింది. కలిపి తెచ్చేసరికి లేదు" అన్నారు. ఆ వెంటనే ఆయనే అడిగారు, "ఈరోజు బండి ఉందా?" అని. దంతెవాడ దాకానే వస్తోందని, ఆపై ఊళ్లకు రాదని చెప్పాను. "అయితే ముందు అది రాసెయ్యి. జనం బయల్దేరిపోతారు" అన్నారు. రాశాను. రాసి, ఫోన్ బోర్లా పెట్టి, అప్పుడు ఏడ్చాను.

ఈ పేజీ చూసే మీలో చాలామందికి ఆమె ఎవరో తెలియదు. పేరు వేసుకోవడం ఆమెకు నచ్చేది కాదు. "బస్సు టైము చూసుకోడానికొచ్చినోళ్లకి నా పేరెందుకు?" అనేవారు. అందుకే ఇప్పుడు కూడా రాయడం లేదు. ఇనుప ఖనిజం గనులుండే బచేలిలో అందరికీ ఆమె టైపు టీచరమ్మ. నాకూ అంతే.

మాది సరిహద్దుకు ఇవతల మద్దేడ్ పక్కన పల్లె. అమ్మా నేనూ ఏటా మిరపకాయ ఏరడానికి తెలంగాణ వైపు పోయేవాళ్లం. పన్నెండో తరగతి పాసైన ఏడు కూడా పోయాను. మా మేనమామ బచేలిలో గని క్యాంటీన్‌లో కాంట్రాక్టు మీద వంట చేసేవాడు. "టైపు నేర్చుకుంటే ఆఫీసుల ఏదో ఒకటి దొరుకుతది, రా బిడ్డా" అని పిలిపించాడు. నేను వెళ్లేసరికే ఆఫీసుల్లో టైపు మిషన్లు మూలకు చేరిపోయాయని పాపం ఆయనకు తెలియదు.

టీచరమ్మ ఇన్‌స్టిట్యూట్ బజార్లో మేడ మీద ఒక గది. సార్ గనిలో డంపర్ నడిపేవారు. కొండ మీది ఎర్ర దుమ్ము ఆయన బట్టలతో ఇంటికీ, గాలితో ఇన్‌స్టిట్యూట్‌కీ వచ్చేది. టీచరమ్మ పొద్దున్నే పాత టూత్‌బ్రష్ పట్టుకుని ఒక్కో మిషన్ మీటల మధ్య దుమ్ము దులిపేవారు. మేం కొడుతుంటే ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడేవారు. చప్పుడు విని, తల తిప్పకుండానే, "మూడో మిషనూ, నీ ఎడంచేతి చిటికెనవేలు బద్ధకిస్తంది" అనేవారు. మూడో మిషను నేనే.

ఏడాది తిరిగేసరికి నేర్చుకునేవాళ్లం ముగ్గురం మిగిలాం. సార్ ఎవరి దగ్గరో వాడిన కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చారు. టీచరమ్మకు అప్పటికి యాభై దాటాయి. నాకంటే ముందు ఆమే దాన్ని లొంగదీశారు. మిషన్లు ఒక్కొక్కటే అమ్ముడుపోతుంటే మెట్ల దాకా వచ్చి సాగనంపి, పైకి వచ్చి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చునేవారు. నిట్టూర్చడం నేను చూడలేదు.

పేజీ మొదలైంది ఒక వానాకాలంలో. కిందింటి ఆమె జ్వరంతో ఉన్న చంటిబిడ్డను విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లాలని స్టేషన్‌కు వెళ్లింది. ఘాట్‌లో కొండచరియ పడి బండి ఇటు రాలేదు. రాదని ఎవరూ చెప్పక, వస్తుందేమోనని ఆమె మధ్యాహ్నం దాకా కూర్చుని, తడిసి, వెనక్కి వచ్చింది. మరునాడు జీపులో జగదల్‌పూర్ వెళ్లారు. బిడ్డ బాగానే బయటపడింది. కానీ టీచరమ్మకు ఆ పూటంతా మనసు మనసులో లేదు.

"బండి రాదని పొద్దున్నే స్టేషనోళ్లందరికీ తెలుసు. ఆ ఒక్క ముక్క ఎక్కడైనా రాసుంటే ఈ తల్లి ఇంట్లోనే ఉండును కదా" అన్నారు.

"ఎక్కడ రాస్తరు టీచరమ్మా?"

"మనమే రాద్దాం."

అలా తెలుగులో ఒక పేజీ పెట్టాం. ఈరోజు బండి ఉందా, లేకపోతే జగదల్‌పూర్‌కు ఏ బస్సు, జీపులు ఎక్కడ ఆగుతాయి. అంతే. వారం తర్వాత ఎంతమంది చూశారో లెక్క తీసి ఇద్దరం వంగి చూశాం. నలుగురు. టీచరమ్మ, నేను, సార్. నాలుగో మనిషి ఎవరా అని తెగ సంబరపడ్డాం. సాయంత్రం సార్ వచ్చి, "డ్యూటీలో మావాడి ఫోన్లో కూడా చూశానే" అన్నారు. టీచరమ్మ పగలబడి నవ్వారు.

ఆ రోజు నుంచి ఆమెకు అదొక అలవాటైంది. పొద్దున దుమ్ము దులపడం అయ్యాక, ముందురోజు పేజీకి ఎవరు ఏ మాటలు వెతుక్కుంటూ వచ్చారో చూసేవారు. ఎంతమంది వచ్చారన్నదాని కంటే ఆ మాటలంటే ఆమెకు ఎక్కువ ఆసక్తి. ఒక నోటుబుక్కులో వాటిని ఉన్నవి ఉన్నట్టు, తప్పులతో సహా రాసుకునేవారు. ఒకరోజు నన్ను పిలిచి చదివించారు: "మద్దేడ్ నుండి వరంగల్ బస్ ఎన్నింటికి ఉన్నది."

"ఇది మీ ఊరోళ్లు అడిగింది. మన దగ్గర ఆ పేజీ లేదు. ఖాళీ చేతుల్తో వెళ్లిపోయేరు. నువ్వు రాయి" అన్నారు.

నాకు భయం వేసింది. బచేలికి వచ్చిన కొత్తలో నేను "ఏంది" అంటే గని టౌన్‌షిప్ ఆడపిల్లలు నవ్వేవారు. అప్పటినుంచి నోరు తెరిచే ముందు మాటను రెండుసార్లు కడిగి పంపడం నేర్చుకున్నాను. ఆ రోజు కూడా పుస్తకాల తెలుగులో, "మద్దేడ్ నుండి వరంగల్లుకు బస్సు సమయ సూచిక" అని శీర్షిక పెట్టి చూపించాను. ఆమె కళ్లద్దాలు పైకి తోసుకున్నారు.

"మీ అమ్మ ఇలాగే అడుగుద్దా?"

"లేదు."

"మరెలా అడుగుద్ది?"

"వరంగల్ బస్సు ఎన్నింటికున్నది, అంటది."

"అదే పెట్టు మరి."

"ఏంది టీచరమ్మా, గట్ల రాస్తే నవ్వరా?"

"నవ్వేవాళ్లకి బస్సు అక్కర్లేదే పిల్లా. అక్కరున్నోళ్లు ఎలా అడుగుతారో ఆ మాటే పైన ఉండాలి. లేకపోతే ఆళ్లకి మనం దొరకం."

అలాగే పెట్టాను. నెల తిరక్కుండా మా పేజీలన్నిటిలో ఎక్కువమంది చూసేది అదే అయింది. మా ఊరివాళ్లు మాట్లాడే మాట ఒకటి ఒక పని చేయగలదని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. తర్వాత ఉసూర్ నుంచి, సుక్మా నుంచి వెళ్లే దారులూ రాశాను. హిందీలోనూ పెట్టాం.

పేజీ గురించి నలుగురికీ తెలియాలంటే గ్రూపులన్నిటిలో పంపిద్దామని నేను ఉత్సాహపడ్డాను. ఆమె ఒప్పుకోలేదు. "పిలవని ఇంట్లో దూరి కేకలెయ్యకూడదు. ప్రయాణం పెట్టుకున్నోళ్లు ఎక్కడుంటారు? అక్కడికెళ్దాం" అన్నారు. పేజీ చిరునామా అచ్చేసిన చీటీలు పట్టుకుని మందుల షాపులకు, టీ కొట్లకు, జీపుల అడ్డాకు తిరిగాం. ఆదివారం సంతలో ఆమె హిందీలో చెప్పేవారు, నేను మా ఊళ్ల దోర్లీ భాషలో, తెలుగులో చెప్పేదాన్ని. తెలియనివాళ్లతో మాట కలపడం నాకు ఆ సంతలోనే అలవాటైంది.

పేజీలో ప్రకటనలు వేసే ఒక కంపెనీతో కుదుర్చుకుంది కూడా ఆమే. వచ్చేవాళ్లు పెరిగేకొద్దీ కొంత డబ్బు వచ్చేది. అది నా జీతం. "ఊరికే చేయించుకుంటే ఎన్నాళ్లుంటావు నువ్వు? పని ఉండాలంటే పని నీకు తిండి పెట్టాలి" అనేవారు. టైపు నేర్చుకుంటూ కూడా ఏటా ఆ రోజులకు అమ్మతో వెళ్లొచ్చేదాన్ని; ఆ ఏడు మొదటిసారి మా అమ్మ మిరప తోటకు ఒక్కతే పోయింది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. ప్రకటనలు నొక్కితే టీచరమ్మకు డబ్బు వస్తుందని కాలనీలో ఎవరో చెప్పారు. ఆమె అంటే అందరికీ ప్రాణం. సగం మంది ఆడవాళ్లు ఆమె దగ్గర టైపు నేర్చుకున్నవాళ్లే. ఒకరోజు టీచరమ్మ క్వార్టరుకు పక్క లైనామె పైకి వచ్చి, మెరిసే మొహంతో చెప్పింది: "వదినా, వారం నుంచి మా ఇంట్లో నాలుగు ఫోన్లతోనూ నొక్కుతున్నాం. మా లైనంతా అంతే. మీకు చెప్పకూడదనుకున్నాం, ఉండబట్టలేక చెప్పేస్తున్నా."

టీచరమ్మ మొహం పాలిపోయింది. అలా నొక్కించడం దొంగ లెక్క కిందికి వస్తుందని ఆమెకు తెలుసు. రెండు రోజులకే ఆ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఖాతా మూసేశారు. కావాలని చేసింది కాదని ఆమె రెండుసార్లు ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా, రాసి పంపారు. రెండుసార్లూ కాదన్నారు.

నేను సంచి సర్దుకున్నాను. అప్పుడు మిరపకాయ ఏరే రోజులు. అమ్మ దగ్గరికి పోతే ఇద్దరి కూలీ వస్తుంది. మరునాడు టీచరమ్మ పక్క లైను ఆడవాళ్లందరినీ టీకి పిలిచారు. తిడతారేమో అనుకున్నాను. పకోడీలు పెట్టి, ఖాతా ఎందుకు పోయిందో చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పారు. పక్క లైనామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "ఊరుకోమ్మా, నా మీద ప్రేమతో నొక్కేరు. ఆ కంపెనీకి ప్రేమ లెక్క తెలీదు, అంతే" అన్నారు టీచరమ్మ. నా వైపు తిరిగి, "నువ్వు ఒక్క నెల ఆగు" అన్నారు.

ఆ నెలలోనే ఒక పెద్దమనిషి ఫోన్ చేశాడు. షుగర్ పూర్తిగా పోగొట్టే పొడి ఉందట. దాని గురించి మేమే గొప్పగా ఒక పేజీ రాస్తే నా ఏడాది జీతం ఒక్కసారే ఇస్తానన్నాడు. టీచరమ్మ నిదానంగా అడిగారు.

"మీరు వాడుతున్నారా బాబూ?"

"నాకు షుగర్ లేదండి."

"మా ఆయనకుంది. ఓ డబ్బా పంపించండి. డాక్టరుగారికి చూపించి, ఆయన సరేనంటే అప్పుడు రాస్తాం."

డబ్బా రాలేదు. మళ్లీ ఫోనూ రాలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమె నా భుజం మీద చెయ్యేసి, "బండి లేదని మనం రాస్తే నమ్మి ఇంట్లో ఉండిపోతన్నారే జనం. ఆ నమ్మకంతో పొడి అమ్ముకుందామా?" అన్నారు.

మరి ఏం చేశామంటే, మా పేజీ చూసి ప్రయాణం చేసేవాళ్లు చివరికి ఎక్కడికి చేరుతున్నారో అక్కడికి మేమే వెళ్లాం. జీపుల వాళ్లు, జగదల్‌పూర్ బస్టాండు దగ్గర టిఫిన్ హోటలు, విశాఖలో రోగుల వెంట వచ్చినవాళ్లు దిగే చిన్న లాడ్జి. టీచరమ్మ లాడ్జిలో బాత్రూము తలుపు గడియ కూడా వేసి చూశారు. నచ్చినవాళ్ల ప్రకటనే తీసుకున్నారు. ప్రతిదాని మీదా "ఇది డబ్బు తీసుకుని వేసిన ప్రకటన" అని పెద్ద అక్షరాల్లో రాయించారు. ఆ మాట చూస్తే ఎవరూ రారేమోనని లాడ్జి ఆయన గొణిగాడు. వచ్చారు. ఒక నెల రెండయింది, మూడోది నడుస్తుండగా నా జీతం మళ్లీ నిలబడింది. నేను సంచి విప్పాను.

సార్ రిటైరై క్వార్టర్ ఖాళీ చేసే రోజు, టీచరమ్మ పాస్‌వర్డులతో సహా పేజీ తాళాలన్నీ నా పేరు మీదికి మార్చారు. వద్దన్నాను. "నేను విజయనగరంలో కూర్చుని మద్దేడ్ బస్సు గురించి ఏటి రాస్తాను? ఎవరూరి దారి ఆళ్లే రాయాలి" అన్నారు. ఇప్పుడు నేను మద్దేడ్‌లో ఉన్నాను. ఉసూర్ అమ్మాయి ఒకరు, సుక్మా అమ్మాయి ఒకరు నాతో పనిచేస్తున్నారు. ముగ్గురం దీని మీదే బతుకుతున్నాం.

ఆమె చివరిసారి మా ఊరు వచ్చింది పోయిన చలికాలంలో. చేతులు కొంచెం వణుకుతున్నాయి. మా ఇంటి ముందు మంచం వేసి, అమ్మ ఇప్పపువ్వు లడ్డూలు పెట్టింది. "నీ కూతురు రాసింది నువ్వెప్పుడైనా చూశావా?" అని అడిగారు టీచరమ్మ. "నాకు సదువేడొచ్చు అమ్మా" అంది అమ్మ. టీచరమ్మ తన ఫోన్ తీసి, మైకు గుర్తు నొక్కి, అమ్మ నోటి దగ్గర పట్టారు. "అడుగు. మీ ఇంట్లో ఎలా అడుగుతావో అలాగే."

అమ్మ నా వైపు చూసింది. గొంతు సవరించుకుంది. అవతలి గట్టు మీద ఉన్న మనిషిని పిలిచినట్టు గట్టిగా అంది: "ఓ బిడ్డా, వరంగల్ బస్సు ఎన్నింటికున్నదే?"

తెర మీద పేజీ తెరుచుకుంది. ఫోన్ చదివి వినిపించడం మొదలుపెట్టింది. అమ్మకు నమ్మకం కుదరలేదు. ఫోన్ లాక్కుని, వెనక్కి తిప్పి చూసి, చెవికి ఆనించుకుని, "ఆఁ... ఆఁ... మంచిది" అని దానికే జవాబు చెబుతోంది. పక్కన టీచరమ్మ, చేతిలో సగం కొరికిన లడ్డూ, కళ్లద్దాలు జారిపోతున్నా పట్టించుకోకుండా, ఎండలో కళ్లనీళ్లు కారేలా నవ్వుతున్నారు.