అమ్మమ్మ చీటీ గుచ్చిన దొంగ ఉత్తరం

మా అమ్మమ్మే లేకపోతే ఈపాటికి లోకంలో ఉన్న బ్యాంకులన్నీ తలుపులు మూసుకునేవి. మేనేజర్లంతా టైలు విప్పేసి మా దుకాణం మెట్ల మీద వరసగా కూర్చుని బొత్తాలు కుట్టుకుంటూ బతికేవాళ్ళు. ఇందులో అబద్ధం పిసరంత కూడా లేదు. పిసరు కంటే ఎక్కువే ఉంది. పదో తరగతి దాటలేక బడి మానేసినదాన్ని, నా కొలతలు ఇలాగే ఉంటాయి. మా అమ్మమ్మ కొలతలు మాత్రం నమ్మొచ్చు.

ఆవిడ కొత్త బట్టలు కుట్టదు. పాతవి బాగుచేస్తుంది. పొడవైన ప్యాంటు కాళ్ళు మడిచి కుట్టడం, చెడిన జిప్పు మార్చడం, అరిగిన కాలరు విప్పి తిరగేసి వెయ్యడం ఆవిడ పని. నేను పక్కన కూర్చుని కాజాలు కుడతాను, తిట్లు తింటాను. ఆవిడ కుట్టు మిషనుకి మోటారు పెట్టించి చాలా ఏళ్ళయింది. అయినా ఆవిడ కుడికాలు పాత తొక్కుడు మానలేదు. మిషను ఆపినా కాలు ఆడుతూనే ఉంటుంది. అన్నం తినేటప్పుడు కూడా అంతే, బల్ల మీద గ్లాసుల్లో నీళ్ళు వణుకుతుంటాయి. "ఎక్కడికి తొక్కుకుంటూ పోతున్నావే అమ్మమ్మా?" అంటే, "నువ్వు లేని చోటికి" అంటుంది.

ఆవిడకి ఒక పిచ్చి ఉంది. బల్ల మీదకి ఏ బట్ట వచ్చినా, వచ్చినవాళ్ళు ఇంకా గుమ్మం దాటకముందే దానికి చీటీ పడాలి. చిన్న గుడ్డముక్క మీద పేరు రాసి పిన్ను గుచ్చుతుంది. పేరు లేని బట్ట దుకాణంలో ఉంటే ఆవిడకి కుదురుండదు. ఒకసారి ఎవరో కోటు ఒకటి బల్ల మీద పడేసి మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఆవిడ ఆ కోటు పట్టుకుని వీధంతా తిరిగి, కనపడ్డ ప్రతి మగవాడి భుజాలకీ పెట్టి చూసింది. చివరికి దొరికినాయన, "వచ్చే నెల తీసుకుందామనుకున్నానండీ" అని గొణిగాడు. "నెల తర్వాతే తీసుకో, పేరు మాత్రం ఇప్పుడే చెప్పు" అంది.

ఇక్కడే మెయిలు సంగతి చెప్పాలి. మా దుకాణాల వరసలో మెయిలున్నది మా ఒక్కరికే. అది పెట్టిచ్చింది నేనే. తాళాలు బాగుచేసే బాబాయ్ బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడు మెయిలు అడ్రసు అడిగితే, "మా కుట్టుపని అక్కయ్యది రాసుకోండి" అన్నాడట. అది విని జిరాక్స్ అత్తా అదే ఇచ్చింది, గడియారాలాయనా అదే ఇచ్చాడు. దాంతో అందరి బ్యాంకు ఉత్తరాలూ మా దుకాణం ఫోనులోనే పడతాయి. ఉత్తరం రాగానే అమ్మమ్మ పైన ఎవరి పేరుందో చూసి, ఆ వైపు గోడ మీద కర్ర స్కేలుతో టకటకా కొడుతుంది. వాళ్ళొచ్చి చదివించుకుని పోతారు. పోస్టాఫీసుకైనా ఆదివారం సెలవుంటుంది, మా అమ్మమ్మకి లేదు.

గడియారాలాయన్ని మేమంతా సెకన్ల తాతయ్య అంటాం. ఏమడిగినా "ఒక్క సెకను" అంటాడు కాబట్టి. ఆయన రెండు కళ్ళకీ శుక్లాలు. కంటికి భూతద్దం బిగించుకున్నా గడియారంలో చిన్న ముల్లు ఎటుందో తెలియని స్థితికి వచ్చాడు. ఆసుపత్రివాళ్ళు ఆపరేషనుకి తారీకు ఇచ్చారు. దానికి కూడబెట్టిందంతా బ్యాంకులో ఉంది. ఆ ఆపరేషను జరగకపోతే ఆ దుకాణం ఇక మూతే.

ఆ రోజు పొద్దున్న దుకాణం తీసి మిషను మీద దుప్పటి తీశామో లేదో, ఫోను మోగింది. ఉత్తరం. పైన బ్యాంకు గుర్తు, రంగులు, అన్నీ ఉన్నాయి. "ప్రియమైన ఖాతాదారుకి, మీ వివరాలు పాతబడినవి. ఈ సాయంత్రంలోగా కింది లింకు నొక్కి సరిచేయని యెడల మీ ఖాతా నిలిపివేయబడును" అని ఉంది.

"ఎవరికే ఇది?" అంది అమ్మమ్మ.

"ఖాతాదారుకి."

"ఏ ఖాతాదారుకి? ఈ వరసలో అందరూ ఖాతాదార్లే కదా. పేరు రాయడానికి వాళ్ళకేం రోగం?"

"సిరా అయిపోయిందేమో."

"నీ నోటికి బొత్తం కుడతా. పద, కనుక్కుందాం."

"వదిలెయ్ అమ్మమ్మా, కావలసినవాళ్ళే వస్తారు" అన్నాను. ఆవిడ వదలదు. చీటీ లేని ఉత్తరం ఫోనులో ఉంటే ఆవిడకి వీపున చీమ పాకినట్టే. కాలు ఇంకా జోరుగా ఆడింది. మెళ్ళో టేపుతోనే బయల్దేరింది.

తాళాల బాబాయ్, "నాది కాదక్కయ్యా. నా ఖాతాలో నిలిపేయడానికి ఏముందని?" అన్నాడు. జిరాక్స్ అత్త, "నేను మొన్ననే బ్యాంకుకెళ్ళి కాగితాలిచ్చొచ్చా" అంది. ఇక మిగిలింది సెకన్ల తాతయ్య. ఆయన్ని బ్యాంకువాళ్ళు కొత్త అడ్రసు కాగితం తెమ్మన్న మాట నిజం. కళ్ళు కనపడక వెళ్ళడం వాయిదా వేస్తున్న మాటా నిజం.

"ఇంకెవరిది? ఆయనదే" అంది అమ్మమ్మ. ఆ కోటుకి భుజాలు దొరికాయి. అక్కడికక్కడే నించుని ఉత్తరాన్ని ఆయన ఫోనుకి పంపేసింది. గుమ్మంలోంచి తల పెట్టి, "తమ్ముడూ, బ్యాంకువాళ్ళు సాయంత్రం దాకానే గడువిచ్చారు. చెయ్యకపోతే ఖాతా ఆపేస్తారట. ఆపరేషను డబ్బు ఇరుక్కుపోతుంది, చూసుకో!" అని కూడా చెప్పింది.

"ఒక్క సెకను అక్కయ్యా" అన్నాడాయన. కానీ ఆపరేషను డబ్బు అనేసరికి, జన్మలో తొందరపడని మనిషి ఆ రోజు తొందరపడ్డాడు. బల్ల దీపం కింద ఫోను పెట్టుకుని, భూతద్దం బిగించుకుని, లింకు నొక్కి, కార్డు మీది అంకెలు, తన ఫోను నంబరు ఒక్కొక్కటే తడుముకుంటూ కొట్టాడు.

మేము ఒక ప్యాంటు నడుము వదులు చేస్తున్నాం. గోడ మోగింది. ఎప్పుడూ మేం కొట్టడమే గానీ అటునుంచి మోగడం నేనెరగను. ఆ వెనకే ఆయనే వచ్చాడు.

"అక్కయ్యా, ఫోనుకి ఏవో అంకెలొచ్చాయి. వాటిని ఆ పేజీలో వెయ్యమంటోంది. అది ఆరో ఎనిమిదో తెలిసి చావడం లేదు. కాస్త చదివి పెట్టు, టైము అయిపోతోందట."

అమ్మమ్మ అద్దాలు పెట్టుకుంది. ఆవిడకి ఏ కాగితమైనా మొదటి నుంచి చదవడం అలవాటు, సబ్బు పెట్టె మీది రాతలైనా సరే. "'మీ కార్డు మీద కొనుగోలుకు...' తమ్ముడూ, ఏం కొంటున్నావు?"

"కొనడమేమిటి? వివరాలు సరిచేస్తున్నా."

"టీవీల దుకాణం అని ఉందే."

"నాకు టీవీ దేనికక్కయ్యా, కనపడి చస్తేగా!"

"'ఈ అంకెలు ఎవరికీ చెప్పకండి. బ్యాంకు ఎప్పుడూ అడగదు...'"

అక్కడ ఆవిడ కాలు ఆగింది. నేను పుట్టినప్పటి నుంచీ ఆడుతున్న కాలు అది. దుకాణంలో కరెంటు పోయినట్టనిపించింది నాకు.

"ఏదీ నొక్కకు" అంది.

"మరి ఖాతా ఆపేస్తారు కదా?"

"వాళ్ళు ఆపేదేమిటి, మనమే ఆపిద్దాం."

ఉత్తరం అడుగున సహాయానికంటూ ఒక ఫోను నంబరు ఉంది. అమ్మమ్మ మా దుకాణం ఫోను తీసి గబగబా దాన్నే కొట్టబోయింది. "అమ్మమ్మా, దొంగకే ఫోను చేసి ఇంట్లో దొంగ పడ్డాడని చెబుతావా?" అని ఫోను లాక్కున్నాను. నాకు వెటకారం ఎక్కువ, అది అప్పుడప్పుడు పనికొస్తుంది. తాతయ్య కార్డు తిప్పితే వెనకాల బ్యాంకు నంబరు, సగం అరిగిపోయి ఉంది. కిటికీ దగ్గర పట్టుకుని చదివాను, ఆవిడ కొట్టింది.

ఇది నొక్కండి, అది నొక్కండి అంది ఒక మరగొంతు. తర్వాత సంగీతం మొదలైంది. అమ్మమ్మ ఫోను చెవికి ఆనించుకుని దుకాణంలో ఇటూ అటూ తిరుగుతోంది. "ఈ పాట పెట్టినవాడి చొక్కా ఎప్పుడో నా బల్ల మీదకి రాకపోదు. రెండు చేతులూ కలిపి కుట్టేస్తా."

ఇంతలో తాతయ్య ఫోను మోగింది. ఎవరో చాలా మర్యాదగా, "సార్, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. అంకెలు వచ్చాయా? చెబితే మీ పని ఇప్పుడే పూర్తి చేస్తాం" అన్నాడు. తాతయ్య అలవాటు కొద్దీ, "ఒక్క సెకను బాబూ" అన్నాడు. వాడు ఆగాడు. "సార్?" అన్నాడు. "ఒక్క సెకను" అన్నాడు తాతయ్య మళ్ళీ. మాట మాత్రం వణకలేదు, అది నలభై ఏళ్ళుగా ఆయన నోట్లో ఉన్న మాట. అమ్మమ్మ ఆయన చేతిలోంచి ఫోను లాక్కుని, "ఉత్తరం మీద పేరు రాయడం చేతకాలేదు గానీ, ఫోను చేయడం చేతనయిందేం రా?" అంది. అవతల టక్కున పెట్టేశాడు.

ఇవతల పాట ఆగి మనిషి దొరికాడు. కార్డు ఆపేశాడు. డబ్బేమీ పోలేదన్నాడు. "ఆ అంకెలు ఎవరికీ ఇవ్వలేదు కదమ్మా?" అని అడిగాడు. "కళ్ళు కనపడక ఇవ్వలేదు నాయనా" అంది అమ్మమ్మ. అన్నాక కూర్చోలేదు. నడుము సగం విప్పిన ప్యాంటు భుజాన వేసుకునే, తాతయ్య చెయ్యి పట్టుకుని బ్యాంకుకి నడిచింది. వెనక నేను. ఆ ప్యాంటు తాలూకు మనిషి దారిలో ఎదురై, "అది నాది కదూ?" అన్నాడు. "చీటీ ఉంది, పోదులే" అని ఆగకుండానే వెళ్ళిపోయింది.

బ్యాంకులో కౌంటరు అమ్మాయి చాలా ఓపికగలది. ఉత్తరం తెరిచి, పంపినవాళ్ళ అడ్రసు వేలితో చూపించింది. "ముందు మా బ్యాంకు పేరే ఉందమ్మా. చివర చూడండి, మాకు సంబంధం లేని తోక తగిలించారు."

"పైన గుడ్డ మీది, లోపల లైనింగు వాడిది" అంది అమ్మమ్మ.

"అంతే. పైగా సాయంత్రంలోగా అని తొందరపెట్టారు, లింకు నొక్కమన్నారు. మేము అలా అడగం."

"పేరు లేదు కూడా. పేరుంటే నమ్మొచ్చా?"

"పేరున్నా నమ్మకండి. పేర్లు కూడా దొంగిలిస్తారు. అనుమానం వస్తే లింకు ముట్టుకోకుండా మాకు ఫోను చేయండి, లేదా ఇక్కడికి రండి." ఆ అమ్మాయి, తాతయ్య ఇన్నాళ్ళూ జేబులోనే తిప్పుతున్న కొత్త అడ్రసు కాగితం కూడా అప్పుడే తీసుకుని, కొత్త కార్డుకి రాసింది. ఆపరేషను రోజుకి డబ్బు నేరుగా ఆసుపత్రికి వెళ్ళే ఏర్పాటు చేసింది. ఇలాంటి దొంగ ఉత్తరాలొస్తే బ్యాంకుకి పంపడానికి మెయిలు అడ్రసొకటి ఇచ్చి, పోలీసుల సైబర్ విభాగంలో ఎలా ఫిర్యాదు చెయ్యాలో చెప్పింది. "మీకేం నష్టం జరగలేదు కదా, నెమ్మదిగా ఇంటికెళ్ళి చేసుకోవచ్చమ్మా" అంది.

"ఇప్పుడే చేస్తాను" అంది అమ్మమ్మ. "నేను నెమ్మదిగా ఇంటికెళ్ళేలోగా, ఇంకో వీధిలో నాలాంటి మొద్దు ఒకతి దీన్ని పంచిపెడుతూ ఉంటుంది."

ఆ కౌంటరు దగ్గరే నించుని ఉత్తరాన్ని ఆ అడ్రసుకి పంపింది. ఫిర్యాదు కూడా అక్కడే నా చేత రాయించింది. ఒక్కో మాటకీ నా వీపు మీద గోకుతూ, "ఏం రాశావు? చదువు" అంటూ.

అది మొదలు ఆవిడ మరీ పాడైపోయింది. ఏ ఉత్తరమొచ్చినా దొంగదే. ఒకరోజు "మా సేవలు మీకు ఎలా ఉన్నవి?" అని బ్యాంకు నిజంగా అడిగితే, దాన్ని కూడా దొంగతనం కింద పంపేసింది. ఆ అమ్మాయి ఫోను చేసి నవ్వుతూ, "అమ్మా, అది మేమే పంపాం" అంది. "మీరైతే మరి దొంగల్లా ఎందుకు రాశారు?" అంది అమ్మమ్మ.

కానీ నేను గమనించిన సంగతి వేరే ఉంది. ఆ తర్వాత ఆవిడ గడియారాల వైపు గోడని కొట్టడం మానేసింది. ఆయన ఉత్తరమొస్తే మిషను దిగి, చెప్పులేసుకుని, స్వయంగా వెళ్ళి చెప్పి వస్తోంది. ఆపరేషను రోజున ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చోకుండా చివర నుంచి చివరికి నడుస్తూనే ఉంది. "కూర్చోవే" అంటే, "కూర్చుంటే గుర్తొస్తుంది" అంది. ఏం గుర్తొస్తుందో నేను అడగలేదు.

కట్టు విప్పాక సెకన్ల తాతయ్య దుకాణానికొచ్చి, అమ్మమ్మ ముఖంలోకి బాగా చూసి, "అయ్యో అక్కయ్యా, ఇంత ముసలిదానివైపోయావా!" అన్నాడు. ఆవిడ టేపుతో ఒక్కటిచ్చింది. ఆయన నవ్వుతూ తన దుకాణంలోకి పోయాడు. కాసేపటికి అటునుంచి గోడ మోగింది. ఊరికే. ఆవిడ స్కేలు తీసుకుంది, కొట్టబోయి మళ్ళీ పెట్టేసింది. కాలు మాత్రం ఆడుతోంది.

ఇదంతా రాసి ఆవిడకి చదివి వినిపించాను. ఒక పాత కోటు చంక కుట్టు విప్పుతూ వింది. మొదట్లో బ్యాంకుల గొప్ప దగ్గర కూడా నవ్వలేదు.

"ఎలా ఉందే? నిన్ను ఆకాశానికి ఎత్తేశానా?"

"ఆకాశం సంగతి తర్వాత. ఆ ఉత్తరం ఆయన చేతికిచ్చింది నేనేనని రాశావా?"

"రాశాను. కాస్త మెత్తగా రాశాను."

"మెత్తగా ఎందుకే కోతీ? అక్కడ విప్పేసి, మళ్ళీ గట్టిగా కుట్టు."