గేటు బయట పరీక్ష

ముందు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. ఒక చెప్పు అరిగినట్టుంది, రెండో అడుగు ఎప్పుడూ కాస్త వెనకబడి పడుతుంది. ఆ తర్వాతే ఆమె కనిపిస్తుంది, ల్యాప్‌టాప్‌ను పసిబిడ్డలా గుండెకు హత్తుకుని.

"ఏమ్మా, దీనికి ఎండ చూపించడానికా?" అంటాడు గేటు దగ్గర వాచ్‌మన్. రోజూ అదే మాట. ఒకప్పుడు "ఊళ్లు తిరగబోయేది, కాస్త గాలి తగలాలిగా బాబాయ్" అనేది. ఇప్పుడు తలూపి గేటు దాటుతుంది.

మోటార్లు అమ్మే కంపెనీ అది. ఊరూరా తిరిగే అమ్మకాలవాళ్లకు ల్యాప్‌టాపులు, ఫోన్లు సిద్ధం చేసి ఇవ్వడం ఆమె ఉద్యోగం. అవి ఇంటర్నెట్‌లోకి నేరుగా వెళ్లకూడదు. ప్రాక్సీ సర్వర్ అనే గుమ్మం గుండానే వెళ్లాలి. ఆఫీసులో ఉంటే ఒక గుమ్మం, బయట ఉంటే మరొకటి. తానెక్కడుందో చూసుకుని యంత్రమే సరైన గుమ్మం వెతుక్కునేలా అమర్చాలి. అమరిందో లేదో ఆఫీసు నెట్ అందని గేటు బయట పరీక్షించాలి.

అదే కంపెనీలో తమ్ముడికి ఉద్యోగం ఇప్పించింది ఆమే. ఒకరోజు బస్సు టైమైపోతోందని వాడు నెత్తిమీద కూర్చుంటే, లోపలి గుమ్మం చిరునామా ఒక్కటే చేత్తో కొట్టి, గేటు బయట చూడకుండానే ఇచ్చేసింది. తన బల్ల మీద అన్నీ చక్కగా తెరుచుకున్నాయి. తెరుచుకోవా మరి, బల్ల ఉన్నది ఆఫీసులోనేగా.

పెద్ద టెండరు గడువు ముగియబోతుంటే వాడు లాడ్జి గది నుంచి ఫోన్ చేశాడు. ఒక్క పేజీ కూడా రావట్లేదన్నాడు. ఏం చెయ్యనక్కా అని రెండుసార్లు అడిగాడు. అయినా ముందు నోటికొచ్చింది వేరే.

"నా దగ్గర బాగానే పనిచేసిందిరా. నువ్వే ఏదో కెలికుంటావు."

అసలు సంగతి తట్టేసరికి గడువు దాటిపోయింది. టెండరు పోయింది, దాని వెనకే వాడి ఉద్యోగం. తప్పు నాదని ఆమె మేనేజరుకు చెప్పింది. అక్కవి కాబట్టి వెనకేసుకొస్తున్నావన్నాడాయన.

ఇప్పుడు వాడు అమ్మతో మాట్లాడతాడు. పక్కన అక్క ఉందని పసిగడితే మళ్లీ చేస్తానని పెట్టేస్తాడు.

ఇవాళ వాడి ల్యాప్‌టాప్ కొరియర్‌లో తిరిగొచ్చింది. పెట్టెలో ఒక్క ముక్క రాసిన కాగితం లేదు. ఛార్జర్ తీగను మాత్రం, చిన్నప్పుడు ఆమె నేర్పినట్టే, పొందిగ్గా చుట్టి ముడేశాడు.

గేటు బయట మూసిన దుకాణం మెట్టు మీద కూర్చుని, దాన్ని తన ఫోన్ నెట్‌కు కలిపింది. తెల్లటి పేజీ. మధ్యలో చిన్న చక్రం, లోపలెక్కడో ఉన్న గుమ్మాన్ని నడివీధిలో వెతుక్కుంటూ తిరుగుతోంది. ఆ లాడ్జి గదిలో వాడు దీన్ని ఎంతసేపు చూశాడో. ఆమె కూడా చాలాసేపు చూసింది. తర్వాత చేత్తో కొట్టిన చిరునామా చెరిపి, ఉండాల్సిన విధంగా అమర్చింది. పేజీ కళ్లు విప్పినట్టు తెరుచుకుంది. రెప్పపాటు పని.

ఆమె గురించి రాయడానికి వచ్చి పక్కన కూర్చున్న మనిషి, ఈ సంగతి తమ్ముడికి చెప్పకూడదా అని అడిగాడు.

ఆమె మూత దించి, వేళ్లతో దుమ్ము తుడిచింది.

"ఏం చెప్పమంటారండీ. రేపు దీన్ని వాడి స్థానంలో చేరినతనికి ఇవ్వాలి. ఎక్కడికెళ్లినా పనిచేస్తుంది."