పడ్డాక లేవడం నేర్పిన వీరాస్వామి మాస్టారు

నిన్న పొద్దున మాస్టారి భార్య రమణమ్మ గారి ఫోన్.

ఎత్తగానే ఏడుపు వినిపించింది. సంగతి అర్థమైంది. అయినా అర్థం కానట్టు "ఏమైందమ్మా, ఏమైంది" అని అడుగుతూనే ఉన్నాను.

వీరాస్వామి మాస్టారు ఇక లేరు.

నా కుడి చేయి ఎప్పుడూ వణికేదే. నిన్న రెండు చేతులూ వణికాయి.

ఇది నేను టైప్ చేయడం లేదు. నేను చెప్తుంటే ఫోనే రాసుకుంటోంది. తప్పులుంటే మన్నించండి.

ఆయన పేరు మీలో చాలామందికి తెలియదు. మొహం మాత్రం చూసే ఉంటారు. హీరో ఒక్క గుద్దు గుద్దితే అద్దాలు పగలగొట్టుకుంటూ పడే ఫైటర్లలో ఒకరు. తెనాలి వైపు నుంచి కుర్రాడిగా వచ్చి ఫిల్మ్‌నగర్‌లో స్థిరపడ్డారు. మేడల మీద నుంచి, గుర్రాల మీద నుంచి పడటమే ఆయన ఉద్యోగం. తోటి ఫైటర్లు మాస్టారు అని పిలిచేవారు.

మా ఇద్దరికీ స్నేహం కలిపింది సినిమా కాదు. పార్కిన్సన్స్.

నాకు ఆ జబ్బని తెలిసిన కొత్తలో వంటింట్లో పడ్డాను. ఎముకలకేం కాలేదు కానీ ధైర్యం పోయింది. షేక్‌పేట బడిలో ఒక్క కేకతో క్లాసంతా నిశ్శబ్దం చేసిన టీచర్‌ని, బాత్రూమ్‌కి కూడా మా అమ్మాయి చేయి పట్టుకుని వెళ్ళేదాన్ని. గడప దాటడం మానేశాను.

మందులు ఒక్కటే సరిపోవు, ఎక్సర్‌సైజ్ చేయాల్సిందే అన్నారు డాక్టర్. మా అమ్మాయి బతిమాలి, కోప్పడి, జూబ్లీహిల్స్‌లో ఫిజియోథెరపీ గ్రూప్ క్లాస్‌కి తీసుకెళ్ళింది.

ఈ జబ్బులో మనకు తెలియకుండానే అన్నీ చిన్నవైపోతాయి. అడుగు చిన్నది, అక్షరం చిన్నది, చివరికి గొంతు కూడా చిన్నది. అందుకే మా ఫిజియో శిరీష ప్రతిదీ పెద్దగా చేయిస్తుంది. చేతులు బార్లా చాపాలి. పెద్ద పెద్ద అడుగులు వేయాలి. గట్టిగా లెక్కపెట్టాలి.

నేను సిగ్గుతో ముడుచుకుని నిలబడితే, ఎదురు వరసలోని పొడుగాటి మనిషి నవ్వారు.

"టీచరమ్మా, కెమెరా ఆ చివరెక్కడో ఉందనుకోండి. అట్టా చేస్తే మీరసలు కనపడరు!"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎన్నాళ్ళకో.

పడితే ఎలా లేవాలో శిరీష నేర్పించే రోజు వచ్చింది. నేల మీద చాపలు పరిచారు. నేను కుర్చీ వదల్లేదు.

"నాతోని కాదు సార్. కింద కూసుంటే మళ్ళ లేస్తనా?"

మాస్టారు మెల్లగా చాప మీద పడుకున్నారు. పక్కకు తిరిగారు. మోకాళ్ళ మీదికి వచ్చి, కుర్చీ దాకా పాకి, దాన్ని పట్టుకుని, ఒక పాదం ముందుకేసి లేచారు. పక్కనే శిరీష చేతులు సిద్ధంగా పెట్టుకుని ఉంది. చాలాసేపే పట్టింది. ఒళ్ళంతా చెమట.

"సినిమాలో పడ్డోడు లేవకూడదండీ. కట్ చెప్పిందాకా అట్టాగే పడుండాలి. ఇక్కడ లేస్తేనే చప్పట్లు."

ఆ రోజు నేను కూడా నేల మీద కూర్చున్నాను. ఏడుస్తూనే లేచాను. చప్పట్లు కొట్టారు.

ఇంకో రోజు క్లాస్ అయ్యాక ఫిల్మ్‌నగర్ రోడ్డు దాటుతున్నాం. సగంలో ఆయన కాళ్ళు అతుక్కుపోయాయి. మాలో చాలామందికి అలా అవుతుంది. మనసు నడవమంటుంది, పాదం కదలదు. హారన్లు మోగుతున్నాయి. ఆయన మొహంలో మొదటిసారి భయం చూశాను.

ఎదురుగా గీత గానీ వస్తువు గానీ కనబడితే దాన్ని దాటడానికి అడుగు పడుతుందని శిరీష చెప్పేది. అక్కడ గీత ఎక్కడిది? ఆయన చేయి గట్టిగా పట్టుకుని, నా పాదమే ఆయన పాదం ముందు అడ్డంగా పెట్టాను.

"దాటుండ్రి మాస్టారూ!"

"ఆడకూతురి కాలు దాటమంటారేంటండీ? పాపం తగలదూ!"

"ఆ పాపమేదో నాకే రానియ్యుండ్రి. జర జల్ది, బస్సు వస్తున్నది!"

దాటారు. అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. ఆ తర్వాత నేను ఒక్కదాన్నే ఆటో ఎక్కి క్లాస్‌కి రావడం మొదలుపెట్టాను.

ఈ ఏడాది ఆయనకు జబ్బు ముదిరింది. నిలబడలేకపోతే కుర్చీలోనే చేసేవారు. తర్వాత మింగడం కష్టమైంది. చివరికి న్యుమోనియా వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి రాలేదు.

నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పాత ఫైటర్లు, కొండల్లాంటి మనుషులు, గోడవైపు తిరిగి ఏడుస్తున్నారు.

రమణమ్మ గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మీకో సంగతి చెప్పాలండీ. మొదట్లో ఈయన క్లాసు మానేస్తానన్నాడు. తోటి ఫైటర్లు చూస్తే నవ్వుతారని సిగ్గు. అప్పుడే మీరొచ్చారు. 'ఆ టీచరమ్మకి నాకంటే భయంగా ఉందే. నేను పోకపోతే ఆవిడ కూడా మానేసిద్ది' అనేవాడు. చేతులు కదలని రోజు కూడా నాతో చొక్కా బొత్తాలు పెట్టించుకుని బయలుదేరేవాడు."

ఆవిడ చేయి పట్టుకున్నాను.

ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయి, ఇవాళ మానేద్దామనుకున్న పొద్దులు నాకూ ఎన్నో ఉన్నాయి. మాస్టారు ఎదురుచూస్తారు, నేను వెళ్ళకపోతే ఆయన డీలా పడతారు అనుకునే లేచి వెళ్ళేదాన్ని.

ఆ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనా నాకు చెప్పలేదు.

ఇవాళ క్లాస్ పెట్టాలా అని శిరీష అడిగింది. పెట్టమన్నాం. అందరం వచ్చాం. లెక్క చెప్తూ చెప్తూ ఆ పిల్ల గొంతు పూడుకుపోతే, మిగతాది మేమే గట్టిగా లెక్కపెట్టాం.

వెళ్ళిరండి మాస్టారూ. ఎన్ని దెబ్బలు తిన్న ఒళ్ళో మీది. ఇకనైనా దానికి చల్లని విశ్రాంతి దొరకాలి.