ఫ్రీవీలు మామ కట్టిన కోళ్లగూడు

వీధి వీధంతా ఆయన్ని ఫ్రీవీలు మామ అంటారు. సైకిళ్లు బాగుచేస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చిందనుకుంటే పొరపాటే. తొక్కడం ఆపేశాక కూడా టకటకమంటూ తిరిగేది ఫ్రీవీలు. మామ నోరూ అంతే, వినేవాడు వెళ్లిపోయాక కూడా ఆగదు. పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాడు ఆయన అభిప్రాయాలు ఓ పది వినకుండా కదిలింది లేదు. అయితే పనితనం మాత్రం పనితనమే. ఆయన బెండు తీసిన రిమ్ము మళ్లీ వంకర పోయిందన్న మాట ఇరవై ఏళ్లలో ఎవరూ అనలేదు.

అంతటి పనివాడు కట్టిన కోళ్లగూడు కథ ఇది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. మామ, స్కూలు యూనిఫాంలు కుట్టే ఆయన భార్య, ఆవిడ తల్లి. అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఆవిడ ప్రాణమంతా పెరట్లో కోళ్ల మీదే, అందులోనూ నల్ల ఈకల మీద తెల్లచుక్కలున్న వాటిమీద. ఇప్పటికి మూడిళ్లు మారారు. మారిన ప్రతిసారీ ఆవిడ గిన్నెలు మరిచిపోయింది గానీ చుక్కల కోళ్ల బుట్ట మాత్రం ఒళ్లోంచి దించలేదు. పాత గూడు చెక్కది. వారానికోసారి అందులోని కర్రలన్నీ కట్టెల బూడిదతో రుద్ది, పగుళ్లలో వేపనూనె పూసి, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ లోపలికి వచ్చేది.

చూసి చూసి అల్లుడికి జాలేసింది. జాలేసినవాడు ఆవిడ బదులు ఆ బూడిదేదో తనే రుద్దితే సరిపోయేది. అలా చేస్తే ఆయన ఫ్రీవీలు మామ ఎందుకవుతాడు? పాత గూడు పీకి పారేసి, షాపులో పడున్న పాత సైకిళ్ల గొట్టాలు కోసి కొత్త గూడు కట్టాడు. నాలుగు మూలలా గొట్టాలు, కోళ్లు ఎక్కి పడుకోవడానికి అడ్డంగా అయిదు గొట్టాలు, పైన మడ్‌గార్డులతో చూరు, తలుపుకి బెల్లు. అంతా ఆకుపచ్చ రంగు.

"చెక్కకి పగుళ్లుంటాయి, అత్తయ్యా. పగుళ్లలో పేలు చేరతాయి. ఇనుముకి పగులెక్కడిది చెప్పండి? ఇక మీరు ఆ బూడిదా గీడిదా ముట్టుకోవద్దు."

"పగులైతే కంటికి కనిపిస్తుంది కదా, నాయనా," అంది అత్తగారు.

ఆ మాట ఆయన చెవికెక్కితేగా! "ఈ గూట్లో ఒక్కటంటే ఒక్క పేను కనబడనివ్వండి, ఇదిగో, ఈ మీసం తీయించేస్తా!" అని మీసం మెలేశాడు. అల్లాటప్పా మీసం కాదది. రెండు కొసలూ సైకిల్ హ్యాండిల్ లాగా పైకి తిరిగి ఉంటాయి. పెళ్లయిన కొత్తలో పెంచడం మొదలుపెట్టాడు, ఇప్పటిదాకా కత్తెర కొస తప్ప దాన్ని తాకింది లేదు.

రెండు నెలలు హాయిగా గడిచాయి. ఎండలు ముదిరాయి. ముసలి చుక్కల పుంజు ఓ మధ్యాహ్నం నీడలో పడుకుని మరి లేవలేదు. అప్పటికి చుక్కల కోళ్లలో మిగిలింది ఒకే ఒక్క పెట్ట. దాని కింద పదకొండు గుడ్లు. ఆ పుంజు తాలూకు ఆఖరి గుడ్లవి. పెట్ట వాటిని పొదగడానికి కూర్చున్న రోజు నుంచి అత్తగారు గోడమీద సుద్దతో రోజుకో గీత గీయడం మొదలుపెట్టింది. ఇరవై ఒక్క గీతలు పూర్తవ్వాలి.

ఆరో గీత దగ్గర మామ భార్య మిగతా కోళ్ల గుడ్లు ఏరడానికి గూట్లో చెయ్యి పెట్టి, మోచేతి దాకా గోక్కుంటూ బయటికొచ్చింది.

"ఏమండీ! మీ ఇనప కోటలో పేలు!"

"గూట్లో కాదే, కోడి మీద ఉండుంటాయి. నేను మాటిచ్చింది గూటి సంగతి," అన్నాడు మామ, మీసం మీద చెయ్యేసుకుని. అవి పక్క డాబా పావురాల నుంచి వచ్చాయన్నాడు. గాలికి కొట్టుకొచ్చాయన్నాడు. ఎదురింటి పాలాయన బర్రెల మీద కూడా నెట్టబోయాడు గానీ, పాలాయన అక్కడే నిలబడి ఉండడంతో నీళ్లు నమిలాడు.

వాటిని కోడిపేలంటారే గానీ పగలు కోడి ఒంటి మీద వెతికితే ఒక్కటీ దొరకదు. ఆవగింజలో సగముంటాయి. పగలంతా ఎక్కడో ఇరుకులో దాక్కుని, చీకటి పడగానే వచ్చి కోడి రక్తం తాగి, ఎర్రబడి, తెల్లారేలోగా మళ్లీ ఇరుకులోకి పోతాయి. మిగతా కోళ్లు పగలన్నా పెరట్లో తిరుగుతాయి. పొదిగే పెట్ట ఎక్కడికి పోతుంది? దాని ఎర్రటి తురాయి రెండు రోజుల్లో పాలిపోయింది.

ఇక మామ రంగంలోకి దిగాడు. దిగితే ఆయన సగం సగం పని చెయ్యడు. చైనుకి నూనె వేసే డబ్బా నిండా వేపనూనె పోసుకుని ప్రతి అతుకులోనూ చుక్క చుక్క వేశాడు. గూట్లో పరిచిన గడ్డంతా తీసి తగలబెట్టాడు. గూటి వెనక గోడకి సున్నం కొట్టాడు. పాత టైర్లలో ఇసుకా కట్టెల బూడిదా కలిపి పోశాడు. కోళ్లు అందులో పడి దొర్లి, రెక్కలు టపటపలాడించి, పెరడంతా దుమ్ము రేపి, బూడిద పూసుకుని బయటికొస్తుంటే వీధి పిల్లలు గోడెక్కి ఒకటే నవ్వు. వెల్లుల్లి దంచి తాగే నీళ్లలో కూడా కలిపాడు. పేలకేమైందో తెలీదు గానీ మూడు రోజులపాటు మామ పక్కన కూర్చుని ఎవరూ భోజనం చేయలేదు.

రెండు రోజులు తగ్గినట్టే తగ్గాయి. మూడో రోజు యథాప్రకారం.

పన్నెండో గీత పడిన సాయంత్రం మామ షాపు కట్టేసి వచ్చేసరికి చుక్కల పెట్ట గూటి బయట నిలబడి ఒళ్లంతా పొడుచుకుంటోంది. గబగబా గూట్లోకి వంగి చూశాడు. పొదుగు చోటు ఖాళీ. గుడ్లు లేవు.

"ఇక్కడున్నాయిలే," అంది అత్తగారు.

పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది. శాలువాలో చుట్టిన పదకొండు గుడ్లూ ఆవిడ ఒళ్లో, పొట్టకి ఆనించి ఉన్నాయి. ఉక్కకి ముఖమంతా చెమటలు కారుతున్నాయి, శాలువా మాత్రం తియ్యలేదు.

"రెండు రోజులుగా ఇదే వరస. చీకటి పడే వేళకి అది ఉండలేక దిగిపోతోంది. మళ్లీ ఎక్కేదాకా నేను కాపలా. ఇంకా తొమ్మిది రోజులుంది, అల్లుడూ. ఒక్క పూట చల్లబడ్డాయా, ఇంక అంతే."

తిట్టినా బాగుండేది. పాత గూడెందుకు పీకావని ఒక్క మాటంటే ఆయనా పది మాటలనేవాడు. ఆవిడ శాలువా అంచు గుడ్ల మీదికి సర్దుకుంది. ఆ పూట మామ అన్నం సయించక చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు షాపుకి పోస్టుమాన్ సైకిల్ వచ్చింది. తొక్కుతుంటే లోపల ఏదో గలగలమంటోందట. మామ చైను చూశాడు, హబ్బు చూశాడు, సీటు ఊడదీసి సైకిల్ తలకిందులు చేశాడు. గొట్టంలోంచి పిడికెడు మట్టి, దానివెంట ఓ చీమల దండు బిలబిలమంటూ నేలమీద పడ్డాయి.

"చూశారా, పోస్టుమాన్ గారూ? పైన ఎంత తుడిచినా ఏం లాభం, గొట్టం లోపల ఏముందో చూసుకోకపోతే..." అంటూ మొదలుపెట్టిన మామ నోరు మధ్యలో ఆగిపోయింది.

ఆయన మాట మధ్యలో ఆగడం పోస్టుమాన్ ఎన్నడూ చూడలేదు. "ఏమైంది మామా, ఒంట్లో బాగుందా?" అనేలోపే మామ స్పానర్ పట్టుకుని ఇంటివైపు పరుగు.

భార్య కుట్టుమిషను దగ్గర, అత్తగారు నడుం వాల్చి ఉన్నారు. మామ తెల్ల యూనిఫాం ముక్కొకటి తీసుకెళ్లి గూట్లో పరిచి, కోళ్లు కూర్చునే గొట్టం ఒక కొస విప్పి వంచి, స్పానర్‌తో ఠంగుమని కొట్టాడు. బూడిదరంగు పొడి రాలింది. ఆ పొడి కదిలింది. ఎర్రెర్రగా, లక్షల్లో, గుడ్డ మీద నాలుగు వైపులా పాకింది. అయిదు గొట్టాలూ అంతే. రెండు కొసలా నోరు తెరుచుకున్న గొట్టాలు, లోపల చీకటి, పైన కోళ్ల వెచ్చదనం. పేలకి అంతకంటే మంచి ఇల్లు ఎవరైనా కట్టగలరా? ఆయనే కట్టాడు. రంగు కూడా వేసిపెట్టాడు.

చూసినవాళ్లెవరూ లేరు. గప్‌చుప్‌గా గొట్టాలు కడిగేసి, పావురాల పీడ వదిలిందని చెప్పేయొచ్చు. అబద్ధం ఎందుకు, ఆ ఆలోచన మామకి వచ్చింది. మీసం కొస మునివేళ్లతో తడుముకుంటూ కాసేపు నిలబడ్డాడు కూడా. ఆ తర్వాత మెట్టు మీద ఆరేసిన శాలువా ఆయన కంటపడింది.

"అత్తయ్యా! ఓసారి ఇలా రండి. ఏమే, నువ్వూ రా!"

ఇద్దరూ వచ్చారు. గుడ్డ చూపించాడు.

"పావురాలూ కాదు, గాలీ కాదు. గూట్లోనే ఉన్నాయి. నా గొట్టాల్లో. మీరు ఆ రోజే చెప్పారు, నేను వినలేదు. తప్పంతా నాదే, అత్తయ్యా."

అత్తగారు గుడ్డ వంక చూసింది, అల్లుడి వంక చూసింది. "సరే, ముందు నీళ్లు మరగబెట్టండి," అంది.

ఆ మధ్యాహ్నం ఆ పెరట్లో జరిగిన హడావుడి చూసి తీరాలి. పొదిగే పెట్టని గుడ్లతో సహా బుట్టలో పెట్టి వంటింటి మూలకి మార్చారు. భార్య బిందెలకి బిందెలు మరిగే నీళ్లు మోసుకొచ్చింది. మామ గరాటు పెట్టి ఒక్కో గొట్టంలో పోస్తుంటే రెండో కొస నుంచి ఎర్రటి నీళ్లు బుసబుసా కారాయి. సన్నటి బ్రష్షు కడ్డీకి కట్టి లోపల తోమాడు. మళ్లీ నీళ్లు, మళ్లీ తోముడు. ఎండలో ఆరబెట్టి, లోపల వేపనూనె తిప్పి, రెండు కొసల్లోనూ చెక్క బిరడాలు దిగ్గొట్టి, చుట్టూ కరిగించిన మైనం పోశాడు. విప్పి వదిలేసిన తన సైకిల్ సంగతి అడగడానికి వచ్చిన పోస్టుమాన్‌కి కూడా బిందె మొయ్యక తప్పింది కాదు.

ఆ రాత్రి గొట్టాలకి తెల్లగుడ్డ పీలికలు చుట్టారు. దాక్కునేవి ఉంటే వాటి మడతల్లో చేరతాయి కదా. తెల్లారి విప్పి చూస్తే పద్నాలుగు. మర్నాడు మూడు. పేల గుడ్లలోంచి కొత్తవి పుడతాయని అయిదో రోజు నీళ్లు, తోముడు, నూనె అన్నీ మొదటినుంచీ మళ్లీ చేశారు. ఆ తర్వాత పీలికలు ఉతికి ఆరేసినంత తెల్లగా వచ్చాయి. చుక్కల పెట్ట వంటింట్లోంచి గూటికి తిరిగి వచ్చింది. సాయంత్రమైనా దిగలేదు. అత్తగారు శాలువా మడిచి పెట్టెలో పెట్టేసింది.

ఇరవై ఒకటో గీత గీస్తుండగానే గూట్లోంచి కీచుమని ఓ సన్నటి గొంతు. మధ్యాహ్నానికి తొమ్మిది పిల్లలు. నల్లటి ముద్దల్లాంటి పిల్లల్లో ఏడింటికి నడినెత్తిన తెల్లచుక్క! అత్తగారు చప్పట్లు కొట్టింది. మోకాళ్ల సంగతి మరిచిపోయి నేలమీద చతికిలబడిపోయింది. "చుక్కలే! నా చుక్కలేనే!" అని కూతురి చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఇద్దరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

ఆ సందట్లో మామ ఎప్పుడు బయటికి వెళ్లాడో ఎవరూ చూడలేదు. గంట తర్వాత గూటి తలుపు బెల్లు మోగింది. తలెత్తి చూస్తే మీసం లేదు.

భార్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో రామ! ఎవరడిగారండీ మిమ్మల్ని?"

"మాటంటే మాటే," అన్నాడు మామ. పైపెదవికి చలేసినట్టుంది, మాటిమాటికీ చేత్తో కప్పుకుంటున్నాడు.

"చెయ్యి తియ్యి," అంది అత్తగారు.

తీశాడు. ఆవిడ ఆ ముఖంలోకి చాలాసేపు చూసింది.

"మా అమ్మాయిని ఇమ్మని అడగడానికి వచ్చిన రోజు నీకు మీసం లేదు, అల్లుడూ. ఇదే ముఖం. గడ్డం మీద నల్ల గ్రీజు. మేం ఏమీ అడక్కముందే, షాపు అద్దెది, ఇల్లు లేదు, చేతి పని ఒక్కటే ఉంది, తర్వాత తెలిసి బాధపడకండి అన్నావు. నువ్వు వెళ్లాక మా ఆయన వద్దన్నాడు. వీడు అబద్ధం చెప్పడు, వీడికే ఇద్దామని నేనే పట్టుబట్టాను. ఆ మీసం వచ్చాక ఆ పిల్లాడు ఎక్కడికి పోయాడా అనుకునేదాన్ని. మొన్న ఆ గుడ్డ పరిచి నన్ను పిలిచావు చూడు, అప్పుడే దొరికాడు. మీసం తియ్యక్కర్లేకపోయింది, నాయనా."

అని నెత్తిన చుక్కున్న పిల్లనొకదాన్ని తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

మామ నోరు తెరిచాడు. మూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మా, చూశావా? ఇన్నాళ్లకి ఫ్రీవీలు ఆగింది," అంది భార్య.

కోడిపిల్ల ఆయన బొటనవేలి మీది గ్రీజు మచ్చని గింజ అనుకుని పొడవడం మొదలుపెట్టింది. మామ చెయ్యి కదపకుండా అలాగే నిలబడ్డాడు.