మామ ఇచ్చిన మంచి శాంపిల్

హనుమకొండ సుబేదారిలో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరిన ఆ రోజుల్లో, నాకు తెలిసినదంతా ఎవరికో ఒకరికి చెప్పేదాకా తోచేది కాదు. (తెలిసింది కొంచెమే కాబట్టి తొందరగా అయిపోయేది. మళ్లీ మొదటినుంచి చెప్పేదాన్ని.) అమ్మ అన్నం వడ్డిస్తుంటే పేగుల గురించి, బస్సులో పక్క సీటావిడకు నులిపురుగుల గురించి చెప్పేదాన్ని. ఆవిడ ఒకసారి రెండు స్టాపుల ముందే దిగిపోయింది. మామ పోయి ఏడాది కావస్తోంది. ఆయన గురించి నిదానంగా నాలుగు మాటలు రాద్దామంటే ముందుగా ఈ సంగతే గుర్తొస్తోంది. ఇది మలపరీక్ష సంగతి. భోజనం ముందు కూర్చున్నవాళ్లు చెయ్యి కడుక్కున్నాక చదవండి.

మామ మా అమ్మకు అన్న. ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం. ఆ ఎండాకాలం ఎవరిదో పెళ్లిలో తినొచ్చి విరేచనాలతో పడ్డాడు. మూడో రోజుకు జ్వరం కూడా వచ్చింది. అది క్రిముల పనో, ఉత్త అజీర్ణమో తేలితే తప్ప మందు రాయనని డాక్టరు పరీక్ష రాశాడు. దానికి ఖాళీ డబ్బా నేనే పట్టుకుని హనుమకొండలోనే ఉన్న వాళ్లింటికి వెళ్లాను.

"గింత డబ్బల ఏం తెలుస్తది కోడలా?" అన్నాడు మామ, దాన్ని వేలితో దూరంగా నెడుతూ.

ఇంకేం, అడిగాడు కదా! "పేగుకు క్రిములు సోకితే నెత్తుట్ల ఉండే తెల్లకణాలు ఆడికి ఉరికొస్తయి మామా. వాటిల ఉండే ఒక ప్రొటీన్ మలంలకు దిగుతది. అదెంతుందో సూస్తే లోపల వాపున్నదా లేదా తెలుస్తది" అన్నాను. మామ కళ్లు మూసుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "మీ మిర్చి తీర్గనే అనుకో. బస్తలకెంచి పిడికెడు తీసి మొత్తం లాట్ సంగతి జెప్తరు గదా, గిది గా శాంపిల్ అసొంటిదే" అన్నాను. మామ కళ్లు తెరిచాడు. "గట్ల జెప్పు. ఇప్పుడు సమజయింది" అన్నాడు. ఆ పోలిక తోచినందుకు ఇంటికొచ్చేదాకా నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున డబ్బా వచ్చింది. పరీక్ష చేశాను. వాపు లేదు, ఏమీ లేదు. పసిపిల్లల పేగులు కూడా అంత శుభ్రంగా ఉండవేమో. డాక్టరు రిపోర్టు చూసి, యాంటీబయోటిక్ అక్కర్లేదు, ఓఆర్‌ఎస్ తాగితే చాలన్నాడు. రెండు రోజుల్లో మామ గోడ పట్టుకుని కూడా నడవలేని స్థితికి వచ్చాడు. జ్వరం దిగలేదు. అత్తమ్మ ఫోన్ చేసి, "మీ మిషన్ల మన్నువడ! మనిషి లేస్తలేడు, దానికేమో ఏం లేదంటనా?" అని ఏడ్చింది. ల్యాబ్ సార్ నన్ను పక్కకు పిలిచి, "పేరు చీటీలు అటిటు అంటించినవా బిడ్డా?" అన్నాడు. అంటించానేమోనని నాకూ అనుమానం మొదలైంది. మామకేమైనా అయితే అది నా చేతులమీదుగానే.

ఆ మధ్యాహ్నం అత్తమ్మ తమ్ముడు ల్యాబ్‌కు వచ్చాడు. ఆయన అక్కా బావల దగ్గరే ఉండేవాడు. రాళ్లు తిన్నా అరిగించుకుంటాడని అందరూ పహిల్వాన్ అనేవాళ్లు. గుమ్మంలోనే నిలబడి నసిగాడు.

"బిడ్డా, బావ రిపోర్ట్ మంచిగొచ్చిందట గదా?"

"వచ్చింది."

"అంటే... నాకేం ఫికర్ లేనట్టేనా?"

"నీకెందుకు ఫికర్?"

"అగో! అది నాదేనాయె!"

ఆటో ఎక్కి మామ ఇంటికి ఎలా చేరానో గుర్తులేదు. ఎందుకిట్ల జేసినవని అడిగితే మంచం మీదనుంచే విసుక్కున్నాడు. "నువ్వే గద శాంపిల్ అంటివి! ఇన్నేండ్ల సంది యాపారం జేస్తున్న. రంగుపోయిన తాలు కాయలు శాంపిల్ల వెట్టి ఇజ్జత్ తీస్కుంటనా? ఇంట్ల ఎవల కడుపు మంచిగున్నదో సూశి ఇప్పిచ్చిన."

అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. పోలిక నాదే.

"మామా, నాకు తాలే కావాలె."

"గా ముచ్చట ముందుగాల జెప్పద్దా మరి?"

ఈసారి గుమ్మం దగ్గరే నిలబడి డబ్బా తీసుకొచ్చాను. కిట్ మీద చుక్కలు వేసిన కాసేపటికే వాపుందని చెప్పే గీత పడింది, లావుగా, ఎర్రగా. "వచ్చింది!" అని అరిచాను. (బయట బెంచీ మీదివాళ్లు నాకు గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందనుకున్నారట.) మందు ఆ సాయంత్రమే మొదలైంది. నాలుగో రోజు మామ లేచి కూర్చుని పెరుగన్నం తింటూ, "నాదెట్లొచ్చింది కోడలా?" అన్నాడు.

"మస్తు ఖరాబొచ్చింది మామా."

"గంతనా?" అన్నాడు తృప్తిగా, పహిల్వాన్ వైపు చూస్తూ.

ఇప్పుడు నేను ఎవరికీ పోలికలు చెప్పను. డబ్బా చేతికిచ్చి, "మీదే తేవాలి" అంటాను, అంతే. చాలామంది నన్ను వింతగా చూస్తారు. మొన్న ఒక పెద్దాయనకు కోపం కూడా వచ్చింది. "నాది గాకపోతే ఇంకెవలది తెస్త మేడం?" అన్నాడు. తల వంచుకుని చీటీ మీద ఆయన పేరు రాశాను. నవ్వు ఆపుకోవడానికి కొంచెం సేపు పట్టింది. ఆ మాట మామకు ఫోన్ చేసి చెబుదామని అలవాటుగా ఫోన్ తీశాను కూడా.